తిజ్గీ దారి, తూడా కోపం

తిజ్గీలో ఎవరికైనా ఒళ్ళు తెలియని కోపం వస్తే "తూడా పూనింది" అనేవాళ్ళు. ఈ దారి కథ మొదలయ్యేనాటికి తూడాకు ఇరవై రెండేళ్ళు. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఉన్ని వడికి వడికి వేళ్ళు కాయలు కాశాయి. ఎప్పుడు చూసినా ఎవరితోనో తేల్చుకోవడానికి బయల్దేరినట్టుండేది ఆమె నడక.

చిన్నప్పుడు, చలికాలమంతా కొండ ఎక్కని పంతులు వసంతంలో వచ్చి హాజరు పిలుస్తుంటే తూడా లేచి నిలబడి, "మేం రోజూ వచ్చాం. రానిది మీరే. ముందు మీ పేరు పిలుచుకోండి" అన్నది. దెబ్బలు తిన్నది. మర్నాడు మళ్ళీ అదే మాట అని మళ్ళీ తిన్నది. తల్లి నెత్తి కొట్టుకునేది. అక్క ఇజ్జా మాత్రం నవ్వి, చెల్లెల్ని ముందు కూర్చోబెట్టుకుని జడ విప్పి మళ్ళీ అల్లేది. అల్లడం అయ్యేసరికి తూడా సగం చల్లారేది. లోకంలో ఆ పని చేతనైంది ఇజ్జా ఒక్కదానికే.

ఇజ్జాను ఆ ఊళ్ళోనే హద్దూ కొడుకు జాయిద్‌కు ఇచ్చారు. హద్దూ ఊరి పెద్దల్లో పెద్ద. వాగు పక్కన ఉన్న అక్రోటు చెట్లు ఆయన తండ్రి నాటినవి. జాయిద్ నోట్లో నాలుక లేని మనిషి, పెళ్ళాం అంటే ప్రాణం. పెళ్ళయిన మూడో ఏట ఇజ్జా కడుపుతో ఉంది.

చలికాలం చివర్లో ఒక మధ్యాహ్నం ఇజ్జాకు నొప్పులు మొదలయ్యాయి. ఆమెను మోసుకుని బయల్దేరింది మాత్రం మర్నాడు పొద్దున. ఎందుకంత ఆలస్యమైందో తూడాకు ఎవరూ చెప్పలేదు. నిచ్చెన మీద దుప్పట్లు పరిచి, ఇజ్జాను తాళ్ళతో కట్టి, ఆరుగురు మగవాళ్ళు భుజాన వేసుకున్నారు. తిజ్గీ నుంచి కింద ఆసుపత్రి ఉన్న బజారు ఊరు అర్బా దాకా ఉన్నది ఒక కంచరగాడిద నడిచేంత కాలిబాట. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, కాళ్ళ కింద గట్టిపడిన మంచు. ఒంటి కాలి మీద నడిచినట్టు నడిచారు. తూడా నిచ్చెన పక్కనే, అక్క చెయ్యి పట్టుకుని నడిచింది.

వాగు దాటే చోట ఆ చెయ్యి పట్టు వదిలింది.

"దించండి" అన్నది తూడా. మోసేవాళ్ళు వినిపించుకోలేదు. ఇంకా తొందరపడుతున్నారు.

"ఇంక తొందర లేదన్నా. దించండి."

అప్పుడు దించారు. బిడ్డ కూడా దక్కలేదు. ఇద్దర్నీ అదే నిచ్చెన మీద మళ్ళీ పైకి మోసుకొచ్చారు.

మూడో రోజు పరామర్శకు ముఖద్దం వచ్చాడు. సర్కారుకీ ఊరికీ మధ్య మాటలు మోసే మనిషి అతను. కంచరగాడిద మీద చక్కెర దిమ్మలు వేసుకొచ్చి, "మన అర్బా మండల అధ్యక్షుడు సీ బెల్‌ఖీర్ పంపించారు. ఆయనకు చాలా బాధగా ఉంది. ఏం చేస్తాం, అంతా దేవుడి రాత" అన్నాడు. ఆడవాళ్ళంతా తలలూపారు.

గది మూలనుంచి తూడా లేచింది.

"బాబాయ్, ఈ కొండకు దారి వేస్తామని ఓట్లప్పుడల్లా చెప్పింది దేవుడా, సీ బెల్‌ఖీరా?"

"అమ్మా, ఇది ఆ మాటలకు సమయం కాదు..."

"మరి ఏ సమయం? ఆయన కారు అర్బాలో ఆగిపోతుంది. అక్కడినుంచి పైకి ఓట్ల పెట్టె మాత్రం ఎట్లా ఎక్కుతోంది? ఆ గాడిద మీదే కదా? ఓట్ల పెట్టెకు ఏమీ కాదు. మా అక్క చచ్చిపోయింది."

ఆ మాటతో ఆగలేదు. చక్కెర దిమ్మలన్నీ ఒక్కొక్కటిగా తీసుకెళ్ళి మళ్ళీ గాడిద బుట్టలో పెట్టింది. పరామర్శకు తెచ్చిన చక్కెర తిప్పి పంపడం ఆ కొండల్లో ఎవరూ విననిది. ముఖద్దం మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. తల్లి కూతుర్ని లోపలికి లాక్కెళ్ళి చెంప పగలగొట్టి, ఆ తర్వాత అదే కూతుర్ని పట్టుకుని ఏడ్చింది.

నలభైయో రోజు పూర్తయ్యాక తూడా పెదనాన్న కొడుకు బస్సూను వెతుక్కుంటూ వెళ్ళింది. బస్సూ సముద్రం పక్క నగరంలో రోడ్డు పనులు చేసి, పని దొరక్క చలికాలానికి ఇంటికొచ్చాడు. గోడకు ఆనుకుని ఎండ కాచుకుంటున్నాడు.

"పట్నమోళ్ళకి రోడ్లన్నీ వేసొచ్చావు. ఇక్కడ ఎవడొచ్చి వేస్తాడన్నా?"

"నేనేం వేశానే? యంత్రం వేసింది. నేను యంత్రం ముందు ఎర్ర గుడ్డ ఊపాను."

"యంత్రాలు రాకముందు దారులెట్లా వేశారు?"

"చాలామంది చచ్చి వేశారు."

"ఇక్కడ వేయకుండానే చస్తున్నాం కదా."

 బస్సూ లేచి, చేతులు దులుపుకుని, "పార ఎవరి దగ్గరుందో చూడు" అన్నాడు.

శుక్రవారం నమాజయ్యాక ఐదుగురు ఊరి చివర బాటను వెడల్పు చేయడం మొదలుపెట్టారు. తూడా, బస్సూ, బస్సూ చెల్లెలు హన్నూ, ఆమె మొగుడు. ఐదోవాడు జాయిద్. ఎవరూ పిలవలేదు. తనే గునపం పట్టుకుని వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా అందరికంటే ముందు నిలబడి తవ్వాడు.

కలిసి పనిచేయడం తిజ్గీకి కొత్త కాదు. కోతలకైనా, కాలవ పూడికకైనా ఇంటికొకరు వస్తారు. దాన్ని తివీజీ అంటారు. కానీ తివీజీకి పిలుపు రావాల్సింది పెద్దల నుంచి. కుర్రకుంకలు, అందులోనూ ఆడపిల్ల పిలవడమేమిటని పెద్దలకు కడుపు మండింది. మసీదు అరుగు మీద కూర్చుని రోజంతా అదే ముచ్చట.

"ఆ లోయ పక్కన రాయి పగలగొట్టడానికి సర్కారుకే చేతగాలేదు. వీళ్ళు చెంచాలతో కొండ తవ్వుతారంట."

"తవ్వడం కాదయ్యా, ఆడా మగా కలిసి కులకడానికి ఒక సాకు."

ఈ రెండో మాట తూడా చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే అరుగు ముందు నిలబడి, పార నేలకు కొట్టి, "తాతా, కులకడం ఎట్లా ఉంటుందో చూద్దువుగాని రా. రాళ్ళు మోసే చోటు ఖాళీగా ఉంది" అన్నది.  ఆ మాట అన్న పెద్దమనిషి మనవళ్ళిద్దరూ ఆ మధ్యాహ్నమే పనిలోకి వచ్చారు. వాళ్ళ వెనక ఇంకొందరు. వేసవి వచ్చేసరికి పని లేక గోడలకు అతుక్కుపోయిన కుర్రాళ్ళంతా దారి మీదే ఉన్నారు. ఆడపిల్లలు తెల్లవారి పశువుల పని ముగించుకుని వచ్చేవాళ్ళు. ఇళ్ళనుంచి బార్లీ రొట్టె, ఆలివ్ నూనె, కెటిల్లో టీ వచ్చేవి. మొదట ఎవరో ఒకరిద్దరు తల్లులు చాటుగా పంపేవాళ్ళు. తర్వాత చాటు పోయింది.

ఆ వేసవిలోనే పట్నం నుంచి ఒక సేవా బృందం వచ్చింది. అందరూ ఒకే రంగు చొక్కాలు వేసుకున్న చదువుకున్న పిల్లలు. మంచివాళ్ళే. బడి గోడకు పూలు, సీతాకోకచిలుకలు వేశారు. మండుటెండలో పిల్లలకు ఉన్ని టోపీలు పంచారు. దారి పని దగ్గరికొచ్చి పారలు పట్టుకుని చాలా ఫొటోలు తీసుకున్నారు. వాళ్ళ నాయకుడు ఫోను పట్టుకుని తూడా ముందుకొచ్చాడు.

"అక్కా, మీ అక్కగారి గురించి నాలుగు మాటలు చెప్పండి. వాగు దగ్గర నిలబడి చెబితే జనం కదిలిపోతారు. కన్నీళ్ళొచ్చినా ఆపుకోకండి, సహజంగా ఉంటుంది."

తూడా అతన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"నీకు అక్క ఉందా?"

"ఉంది."

"బతికే ఉందా?"

"అయ్యో, ఉంది."

"అయితే ఇంటికెళ్ళి ఆమె మొహం ఫొటో తీసుకో. ఇక్కడ రాళ్ళు మోయాలి. మోస్తే ఉండు, లేకపోతే దారికి అడ్డం లే."

వాళ్ళలో ఇద్దరు ఉండిపోయి సాయంత్రం దాకా మోశారు. అరచేతులు పొక్కాయి. మిగిలినవాళ్ళు నొచ్చుకుని దిగిపోయారు. బస్సూ ఆ రాత్రి అన్నం దగ్గర కూడా గొణిగాడు. "వాళ్ళకి చెబితే డ్రిల్లు మిషను ఇప్పించేవాళ్ళేమోనే. నీ నోరు ఒక్క పూట కట్టేసుకుంటే ఏం పోయింది?"

"మా అక్క పోయింది" అన్నది తూడా. 

డ్రిల్లు మిషను అసలు అర్బాలో సీ బెల్‌ఖీర్ ఆఫీసు వెనక రేకు కింద ఉంది. దారికి అడ్డంగా ముందుకు పొడుచుకొచ్చిన పెద్ద బండ ఒకటుంది. గునపాలకు లొంగలేదు. మిషను కొన్నాళ్ళు ఇప్పించమని బస్సూ, తూడా వెళ్ళి అడిగారు. సీ బెల్‌ఖీర్ టీ తాగుతూ విన్నాడు. లావుపాటి మనిషి, మాట మాత్రం మెత్తన. అందరూ ఆయన్ని సిది, అంటే దొరా, అని పిలుస్తారు.

"తల్లీ, మీ ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తోంది. కానీ ఆ దారి ప్రభుత్వ ప్రణాళికలో ఉంది. ప్రణాళికలో ఉన్న దారిని మీరు వేస్తే అది చట్టవిరుద్ధం అవుతుంది. రేపు ఎవడికైనా కాలు విరిగితే ఎవరు జవాబు చెప్పాలి?"

"దారి లేక చచ్చినవాళ్ళకు ఎవరు జవాబు చెబుతున్నారు సిది?"

"చూడు, నువ్వు చిన్నదానివి..."

"ఔను. నేను పుట్టకముందునుంచీ మీరు ఆ కుర్చీలో ఉన్నారు."

మిషను రాలేదు. బండ కింద కట్టెలు పేర్చి రోజంతా మంట పెట్టి, కాలి ఎర్రబడ్డాక వాగు నీళ్ళు కుమ్మరించారు. బండ పెద్ద చప్పుడుతో పగుళ్ళిచ్చింది. పగుళ్ళలో గునపాలు దిగాయి. ఆ పని ముగిసేసరికి ఆకురాలే కాలం వచ్చింది, అందరి మొహాలూ బొగ్గు.

ఆ తర్వాత హద్దూ చెట్లు అడ్డమొచ్చాయి.

దారి నేరుగా వాగులోకి దిగాలంటే రెండు అక్రోటు చెట్లు కొట్టేయాలి. వేరే చోటంతా నిట్టనిలువుగా లేచిన నిట్రాయి. బస్సూ వెళ్ళి అడిగాడు. ఇద్దరు కుర్రాళ్ళు వెళ్ళి బతిమాలారు. హద్దూ ఒకటే మాట: "మా నాయన చేత్తో నాటినవి. నా శవం మీదనుంచి పోండి." తూడా వెళ్ళలేదు. వెళ్తే ఏమంటుందో తనకే నమ్మకం లేదు.

ఒక పొద్దున పనికి దిగేసరికి చెట్టు దగ్గర గొడవ వినిపించింది. జాయిద్ గొడ్డలి పట్టుకుని నిలబడ్డాడు. తండ్రి చెట్టుకు వీపు ఆనించి చేతులు చాపాడు.

"జరుగు నాన్నా."

"నన్ను నరికి చెట్టు నరుకు."

"జరుగు అంటున్నా." జాయిద్ గొంతు ఊళ్ళో చాలామంది మొదటిసారి విన్నారు. "ఆ రోజు కూడా నేను జరగమన్నాను. నువ్వు గుమ్మానికి అడ్డం నిలబడ్డావు. ఇవాళ వినను."

తూడా అక్కడే ఆగిపోయింది. "ఏ రోజు?" అన్నది.

 హద్దూ చేతులు మెల్లగా కిందికి జారాయి. ముసలాడు తూడా వైపు చూడకుండా, వాగు వైపు చూస్తూ చెప్పాడు.

"నేనే ఆపాను. మధ్యాహ్నమే తీసుకుపోదామన్నాడు వీడు. మంచు పడుతోంది, చీకటి పడుతుంది, పొద్దున చూద్దాం అన్నాను. మా ఇంట్లో ఆడాళ్ళందరూ ఇంట్లోనే కన్నారు, ఈ పిల్లకే ఏమొచ్చింది అన్నాను." చెట్టు మాను ఒకసారి నిమిరి, "నరకనీ. రెండూ నరకనీ. ఇచ్చేస్తున్నాను" అని పక్కకు జరిగాడు.

 ఇన్ని నెలలుగా తూడా కోపం కొండ మీదా, కుర్చీ మీదా, చక్కెర దిమ్మల మీదా తిరిగింది. ఇప్పుడు దానికి ఒక మొహం దొరికింది. ముడతలు పడి, గడ్డం నెరిసి, చలికి ముక్కు కారుతున్న మొహం. అక్క ఆ గుమ్మం లోపల ఒక మధ్యాహ్నం, ఒక రాత్రి మొత్తం ఎట్లా పడుకుని ఉంటుందో కళ్ళకు కట్టింది. ముసలాణ్ణి వాగులోకి తోసేయాలనిపించింది. చేతులు నిజంగానే లేచాయి. బస్సూ ఆమె భుజం పట్టుకున్నాడు.

జాయిద్ గొడ్డలి ఎత్తాడు.

"దించు బావా" అన్నది తూడా.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"దించు. చెట్లు కొట్టొద్దు." హద్దూ ఎదురుగా వెళ్ళి నిలబడింది.  "హద్దూ మామా, రెండు చెట్లు ఇచ్చి మా అక్క లెక్క సరిపెట్టేసుకుందామనుకుంటున్నావు. రేపటినుంచి నేనూ ఇచ్చాను, నాదీ పోయింది అని అరుగు మీద చెప్పుకుందామనుకుంటున్నావు. అంత తేలిగ్గా పోనివ్వను నిన్ను. నీ చెట్లు నీ దగ్గరే ఉంచుకో. రోజూ చూసుకో. కాయలు కోసుకుని తిను. మేం చుట్టూ తిప్పుకుని పోతాం."

ముసలాడు అక్కడే నేల మీద కూలబడ్డాడు. ఎవరూ లేపలేదు. కాసేపటికి జాయిదే గొడ్డలి పక్కన పడేసి, తండ్రి చంకల కింద చేతులు వేసి లేపి, ఇంటివైపు నడిపించాడు.

చుట్టూ తిప్పడమంటే నిట్రాయిని తొలవాలి. మంచు పడేలోపు అయిపోవలసిన పని మళ్ళీ వసంతానికి వాయిదా పడింది. వేళ్ళు నలిగాయి, ఒక కుర్రాడు కాలి మీద రాయి పడి కుంటివాడయ్యాడు. బస్సూకు ఒళ్ళు మండింది.

"నీ కోపానికి మా నడుములు విరగాలా?"

"విరగాలి" అన్నది తూడా. కానీ ఆ రోజు సాయంత్రం కాలు నలిగిన కుర్రాడి ఇంటికెళ్ళి, వాళ్ళ అమ్మ నానా మాటలూ అంటుంటే తలవంచుకుని విన్నది. ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. చెట్లను ఉంచింది జాలితో కాదని ఆమెకు తెలుసు. తప్పు చేసిందో ఒప్పు చేసిందో మాత్రం తెలియదు.

మరుసటి వేసవిలో దారి అర్బా తారు రోడ్డుకు కలిసింది. కూరగాయల ట్రక్కు నడిపే మోహా మొదటగా బండి ఎక్కించాడు. అక్రోటు చెట్ల దగ్గర మలుపులో మూడుసార్లు వెనక్కీ ముందుకీ నూకి, "ఏ గాడిద కొడుకు గీశాడ్రా ఈ మలుపు" అని అరిచాడు. "నేనే" అన్నది వెనక తొట్టిలోంచి తూడా. మోహా గేరు మార్చాడు.

దారి పూర్తయిందని తెలిసి సీ బెల్‌ఖీర్‌కు తిజ్గీ గుర్తొచ్చింది. ప్రారంభోత్సవానికి వస్తున్నాడని ముఖద్దం కబురు తెచ్చాడు. ఊరంతా ఇంటి ముందు ఊడ్చుకుంది, గొర్రెను కోయాలా అని పెద్దలు తర్జనభర్జన పడ్డారు. తూడా మాత్రం నలుగురు పిల్లల్ని వెంటబెట్టుకుని పొద్దున్నే కిందికి దిగింది. కారు వచ్చేసరికి దారి మొదట్లో అడ్డంగా బండరాళ్ళు పేర్చి ఉన్నాయి. తూడా ఒక రాయి మీద కూర్చుని ఉంది.

"ఏంటిది?" అన్నాడు సీ బెల్‌ఖీర్, కారు దిగి.

"దారి సిది. మీ ప్రణాళికలో ఉన్న దారి. నడిచి రండి. ఎండ కాస్తోంది, మంచు కూడా లేదు. పైన ఊరంతా మీకోసం చూస్తోంది."

"నీకు పిచ్చి పట్టిందా? రాళ్ళు తీయించు."

"మా అక్క ఈ దారిన నిచ్చెన మీద వచ్చింది. మీరు కాళ్ళ మీద రండి. అదొక్కటే అడుగుతున్నా."

ఆయన నడవడం మొదలుపెట్టాడు కూడా. మొదటి ఎత్తు ఎక్కేసరికి రొప్పుతూ నిలబడిపోయాడు. తర్వాత వెనక్కి తిరిగి, తారు రోడ్డు మీదే రిబ్బను కట్టించి, బజారులో దొరికిన నలుగుర్ని నిలబెట్టి కత్తిరించి వెళ్ళిపోయాడు. ఆ ఫొటో ఆఫీసు గోడకు ఎక్కింది. కింద ఆయన పేరు, దారి పేరు.

తిజ్గీలో అందరూ తూడాను తిట్టారు. "ఇంటికొచ్చే పెద్దమనిషిని వీధిలోనుంచి తరిమేశావు. ఇంక ఈ ఊరికి ఆయన చేత్తో ఏదీ రాదు." తల్లి రెండు రోజులు మాట్లాడలేదు. తన వెంట వచ్చిన పిల్లలు కూడా, "ఒక ఫొటో దిగితే ఏం పోయేదక్కా" అని సణిగారు. వాళ్ళకు ఆ ఫొటోలో ఉండాలని ఉంది. ఉండాల్సింది వాళ్ళే. ఆ సంగతి తూడాకు ఆలస్యంగా తట్టింది. తట్టాక ఇంకా మండింది, ఈసారి తన మీద.

ఆ శరత్కాలంలోనే నెలలు నిండిన హన్నూకు నొప్పులు వచ్చాయి. ఎవరూ ఎవర్నీ అడగలేదు. మోహా ట్రక్కులో పరుపు వేసి, హన్నూను పడుకోబెట్టి, ఆమె అత్త, తూడా చెరోవైపు కూర్చున్నారు. బస్సూ ముందు ఎక్కాడు. టీ కాచినంతసేపట్లో అర్బా చేరామని మోహా ఈ రోజుకీ గొప్పగా చెప్పుకుంటాడు. ట్రక్కు ఆసుపత్రి గుమ్మం ముందు ఆగింది.

తలుపుకు తాళం వేసి ఉంది.

తూడా తలుపు బాదింది. పక్కింటి ఆవిడ బయటికొచ్చి చూసి, "ఎవరూ లేరమ్మా. నర్సమ్మను పోయినేడే బదిలీ చేశారు. ఇంకొకర్ని వేయలేదు. తాళంచెవి సీ బెల్‌ఖీర్ ఆఫీసులో ఉంటుంది" అన్నది.

"చెవి దేనికి, లోపల మనిషి లేనప్పుడు" అన్నాడు బస్సూ.  మోహా బండి మళ్ళీ తిప్పాడు. పట్నం రోడ్డు మీద, ఆలివ్ తోటల మధ్య, హన్నూ అత్త చేతుల్లో బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. బస్సూ రోడ్డు పక్కన కూర్చుని పెద్దగా ఏడ్చాడు. తూడా ఏడవలేదు. నెత్తురు కడుక్కుని, "మోహా మామా, వచ్చేటప్పుడు నన్ను అర్బాలో దించు" అన్నది.

మర్నాడు బజారు రోజు. జనం కిటకిటలాడుతున్నారు. తూడా ఎవరిదో నిచ్చెన అడిగి తెచ్చి, ఆసుపత్రి గోడకు వేసి, పైన ఉన్న రేకు బోర్డు ఊడదీసింది. దాన్ని నెత్తిన పెట్టుకుని బజారు మధ్యలోంచి నడుచుకుంటూ సీ బెల్‌ఖీర్ ఆఫీసుకు వెళ్ళి, ఆయన బల్ల మీద కాగితాల మీద దించింది.

"ఇది మీది సిది. అక్కడ ఆసుపత్రి లేదు. ఉత్త బోర్డుంది. దాన్ని చూసి జనం మోసపోయి ఆగుతున్నారు. ఈ గదికి తగిలించుకోండి. ఇది లోపల మనిషి ఉన్నా పని జరగని చోటు."

సీ బెల్‌ఖీర్ పోలీసుల్ని పిలిపించాడు. సర్కారు ఆస్తి దొంగతనమన్నాడు. తూడాను ఠాణాలో బల్ల మీద కూర్చోబెట్టారు. కబురు ట్రక్కుకంటే ముందు తిజ్గీ చేరింది. మధ్యాహ్నానికి మోహా తొట్టి నిండా ఆడవాళ్ళు దిగారు. ముందు తూడా తల్లి, వెనక చంటిపిల్లను ఎత్తుకున్న హన్నూ. పచ్చి బాలింతవు వద్దంటే వినలేదట. వాళ్ళను చూసి అర్బా ఆడవాళ్ళూ వచ్చి నిలబడ్డారు. తాళం వాళ్ళకూ వేసినదే మరి. సంతలో సరుకు అమ్ముకునేవాళ్ళు బుట్టలు మూసేసి వచ్చారు. ఎవరూ అరవలేదు. ఠాణా గుమ్మం నుంచి బజారు చివరిదాకా ఊరికే నిలబడ్డారు.

పోలీసు అధికారి కిటికీలోంచి చూసి, "అమ్మాయ్, తప్పయిందని ఒక్క మాట అను, పంపించేస్తాను" అన్నాడు.

"ఎవరి తప్పు?"

"నీదే."

"నా తప్పులు చాలా ఉన్నాయి. బోర్డు అందులో లేదు."

అధికారి నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నాడు. ఎవరెవరికో ఫోన్లు వెళ్ళాయి. చీకటి పడకముందే వదిలేశారు. బోర్డును మళ్ళీ గోడకు తగిలించారు. చలి మొదలయ్యేసరికి నర్సు కూడా వచ్చింది.

నర్సు పేరు ఇబ్తిసామ్. సముద్రం ఒడ్డు ఊరి పిల్ల, చదువు అప్పుడే ముగిసింది. కొండ భాష ఒక్క ముక్క రాదు. అర్బాలో అందరూ ఆమెను చూడటానికి వచ్చి, వచ్చినంత వేగంగా పెదవి విరిచారు. రోజూ ఏడుస్తోందట, గది బయటికి రావడం లేదట. సంగతి విని తూడా తిట్టడానికే దిగింది. దారిలో తిట్లన్నీ వరస పెట్టుకుంది.

తలుపు తీస్తే, ఇబ్తిసామ్ మంచం మీద దుప్పట్లన్నీ కప్పుకుని వణుకుతోంది. వేళ్ళు నీలంగా ఉన్నాయి. కిటికీ పగిలి అట్టముక్క అడ్డం పెట్టారు. గదిలో పొయ్యి లేదు. వైద్యం గదిలోనూ లేదు.

"నేను నెలాఖరుకు వెళ్ళిపోతాను" అన్నది ఇబ్తిసామ్ అరబ్బీలో, తూడా నోరు తెరవకముందే. "నన్ను తిట్టడానికొచ్చావని తెలుసు. అందరూ నీ గురించి చెప్పారు. తిట్టుకో. ఈ చలిలో పురుడెట్లా పోయాలి? పుట్టిన బిడ్డ నా చేతుల్లోనే గడ్డకట్టి చస్తుంది. అడిగితే బడ్జెట్ లేదంటున్నారు."

 తూడా గది చుట్టూ చూసింది. గోడలు చూసింది, తడిసిన పరుపు చూసింది. తన భుజాన ఉన్న ఉన్ని శాలువా తీసి ఆ పిల్ల మీద వేసి, మాట్లాడకుండా బయటికొచ్చింది.

బయట బస్సూ, జాయిద్ ట్రక్కులోంచి పిండి బస్తాలు దించుతున్నారు.

"తిట్టేశావా?" అన్నాడు బస్సూ.

"ఇంకా లేదు. ఇద్దరూ రండి, బరువుంటుంది."

"ఏది?"

"సీ బెల్‌ఖీర్ గదిలో ఇనప పొయ్యి."

బస్సూ బస్తా దించి నడుం పట్టుకున్నాడు. "మళ్ళీ ఠాణాకా తల్లీ?" అన్నాడు. జాయిద్ చేతులకు గుడ్డ చుట్టుకున్నాడు, పొయ్యి కాలుతూ ఉంటుంది గనక.

సీ బెల్‌ఖీర్ ఆ రోజు ఆఫీసులోనే ఉన్నాడు. ముగ్గురూ లోపలికి వెళ్ళి, సలాం చెప్పి, గొట్టం ఊడదీసి, నిప్పులతో సహా పొయ్యి ఎత్తుకెళ్తుంటే నోరు తెరుచుకుని చూశాడు. గుమాస్తా ఫోను ఎత్తబోతే, "ఉండు" అన్నాడు. బజారంతా గుమ్మం ముందు నిలబడిన రోజు ఆయనకు ఇంకా గుర్తుంది. గది నిండా పొగ, ఆయన మొహం నిండా మసి.

పొయ్యి ఇప్పుడు ఆసుపత్రి గదిలో ఉంది. తిజ్గీ పిల్లలు వంతుల వారీగా కట్టెలు దించుతారు. ఇబ్తిసామ్ ఆ నెలాఖరుకు వెళ్ళలేదు. తర్వాతి నెలాఖరుకు వెళ్తానంది, ఇప్పటికీ అట్లాగే అంటోంది. జాయిద్ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. హద్దూ, తూడా దారిలో ఎదురుపడితే ఇద్దరూ చెరో పక్కకు చూస్తూ పోతారు.

ప్రతి వసంతంలో మంచు కరిగితే కొండచరియ ఒకటి దారి మీదికి జారుతుంది. ఆ పొద్దున పారలతో పిల్లలంతా చేరతారు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి తూడా ఆ చివర్నుంచి ఈ చివరికి వినబడేలా తిడుతుంది. తిట్టించుకున్నవాడు నవ్వుకుంటూ, తలకు గుడ్డ కట్టుకుని, మట్టిలోకి దిగుతాడు.